సమారా జాయ్ ‘పోర్ట్రెయిట్’లో గొంతు హార్న్‌ల మధ్యకి ఎందుకెళ్లింది? ఎలా వినాలి, ఎలా నేర్చుకోవాలి?

శ్రుతిపెట్టె (ప్రశ్న; మిగతా పేర్లు జవాబిచ్చినవాళ్లవి)

అమెరికా జాజ్ గాయని సమారా జాయ్ 2022 ఆల్బం ‘లింగర్ అవైల్’ మొదటిసారికే అందే రకం. గొంతు ముందుంటుంది, గిటార్, పియానో, బేస్, డ్రమ్స్ దాన్ని మోస్తాయి. 2024 అక్టోబర్ 11న వచ్చిన ‘పోర్ట్రెయిట్’ అలా లేదు. చాలాచోట్ల గొంతు ట్రంపెట్, సాక్సఫోన్‌ల మధ్యకి వెళ్లి కలిసిపోతోంది. పాట ఎక్కడ మొదలైందో, తిరిగి మొదటికి ఎప్పుడొచ్చిందో లెక్క తప్పిపోతోంది.

తెలిసినవాళ్లు చెప్పండి. ఈ నాలుగైదేళ్లలో ఆమె పాట ఎలా మారుతూ వచ్చింది? కొత్త ఆల్బంలో గొంతును అలా పెట్టడానికి కారణం ఏమిటి, వినేవాళ్లు దేన్ని పట్టుకోవాలి? కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు ఇందులో ఒక పాట పాడాలంటే ఎక్కడెక్కడ దెబ్బతింటారు? పాత వాద్య రచనలకి ఆమే మాటలు రాసిందంటున్నారు, అది ఎలా చేస్తారు, ఎవరి అనుమతి కావాలి? ఇంకో చిన్న అనుమానం: కొత్త ఆల్బం వచ్చాక జరిగిన 2025 గ్రామీల్లో అవార్డు క్రిస్మస్ పాటలకి ఎందుకొచ్చింది?

రికార్డు అట్ట

చివరి ప్రశ్నకి ముందు జవాబు, ఎందుకంటే అది తేలిక. 2025 ఫిబ్రవరిలో ఇచ్చిన 67వ గ్రామీలకి 2023 సెప్టెంబర్ 16 నుంచి 2024 ఆగస్టు 30 వరకు విడుదలైనవే లెక్క. ‘ఎ జాయ్‌ఫుల్ హాలిడే’ అనే క్రిస్మస్ ఈపీ (చిన్న ఆల్బం) 2023 అక్టోబర్‌లో వచ్చింది కాబట్టి ఆ గడువులో పడింది. ‘పోర్ట్రెయిట్’ గడువు దాటాక వచ్చింది, అది 68వ గ్రామీల ఖాతాలోకి వెళ్లింది. జాజ్ లేబుళ్లు (రికార్డు కంపెనీలు) శీతాకాలపు టూర్లకి ముందు, సెప్టెంబర్-అక్టోబర్‌లలో ఆల్బంలు వదలడం మామూలే. దానివల్ల అవార్డు ఏడాదికి పైగా ఆలస్యంగా వచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక ఆమె పాట మారుతూ వచ్చిన క్రమం. సమారా జాయ్ మెక్‌లెండన్ 1999 నవంబర్‌లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టింది. తాత, నాయనమ్మ ఫిలడెల్ఫియాలో ‘ది సవెట్స్’ అనే గాస్పెల్ (చర్చి పాటల) బృందాన్ని నడిపినవాళ్లు. తండ్రి గాయకుడు, బేస్ వాయిస్తాడు, గాస్పెల్‌లో పెద్దపేరైన ఆండ్రే క్రౌచ్‌తో టూర్లు చేశాడు. అంటే ఇంట్లో వినిపించింది ముందు చర్చి పాట. జాజ్‌ని గట్టిగా పట్టుకుంది కాలేజీలో, న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ల పర్చేస్ క్యాంపస్‌లో. 2019లో పాతతరం జాజ్ గాయని సారా వాన్ పేరుమీద జరిగే అంతర్జాతీయ జాజ్ గాత్ర పోటీ గెలిచింది.

2021లో మొదటి ఆల్బం, విర్ల్‌విండ్ లేబుల్ మీద. వెనక పాస్క్వాలే గ్రాసో గిటార్ త్రయం: గిటార్, ఆరి రోలండ్ బేస్, కెనీ వాషింగ్టన్ డ్రమ్స్. అందులో పియానో లేదు, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. గ్రాసో గిటార్ మీద పియానో వాయిద్యకారుల పద్ధతిలో, బేస్ గీత, కార్డులు (కలిపి పలికించే స్వరాల గుంపులు), పై స్వరం ఒకేసారి నడిపించే మనిషి. గొంతుకి ఎదురుగా కార్డులు పలికే వాద్యం ఒక్కటే ఉండేసరికి ప్రతి మాటా బయటపడుతుంది. 2022లో వెర్వ్ లేబుల్‌కి మారి ‘లింగర్ అవైల్’. దానికి బెన్ పాటర్సన్ పియానో తోడైంది, బేస్ డేవిడ్ వాంగ్. 2023 ఫిబ్రవరిలో ఉత్తమ జాజ్ గాత్ర ఆల్బంతో పాటు ఉత్తమ కొత్త కళాకారిణి గ్రామీ కూడా వచ్చింది. ఈ రెండోది జాజ్ వాళ్లకి దొరకడం అరుదు, 2011లో ఎస్పెరాంజా స్పాల్డింగ్‌కి వచ్చింది.

అక్కడితో ఆగి అదే నాలుగు వాద్యాల అమరికతో పాత పాటలు పాడుకుంటూ పదేళ్లు గడిపేయొచ్చు, జనం టికెట్లు కొంటూనే ఉంటారు. ఆమె ఎనిమిది మంది బృందం కట్టుకుంది. టూర్ లెక్కలు తెలిసినవాళ్లకి ఇది ఎంత బరువో తెలుసు: విమానం టికెట్లు, హోటల్ గదులు, రిహార్సల్ రోజులు అన్నీ దాదాపు రెట్టింపు, హాలు ఇచ్చే డబ్బు మాత్రం రెట్టింపు కాదు. గ్రామీలు తెచ్చిన పేరుని ఆమె ఖర్చుపెట్టింది దీనిమీద. నాకు ఆమె కెరీర్‌లో నచ్చిన నిర్ణయం ఇదే.

వాల్వ్ ఆయిల్

మిక్సింగ్ తప్పు అనుకుంటున్నారేమో, కాదు. గొంతుకి ఆ చోటు అరేంజ్‌మెంట్‌లోనే, అంటే ఎవరు ఎక్కడ ఏం వాయించాలో రాసుకునే కూర్పులోనే, రాసిపెట్టారు.

బృందంలో గాలి వాద్యాలు, అంటే హార్న్‌లు, నాలుగు: జేసన్ చారోస్ ట్రంపెట్, ఫ్లూగల్‌హార్న్, డేవిడ్ మేసన్ ఆల్టో సాక్సఫోన్, ఫ్లూట్, కెండ్రిక్ మెక్‌కాలిస్టర్ టెనర్ సాక్సఫోన్, డొనవన్ ఆస్టిన్ ట్రాంబోన్. వెనక కానర్ రోరర్ పియానో, ఫెలిక్స్ మోస్‌హోమ్ బేస్, ఇవాన్ షెర్మన్ డ్రమ్స్. ఎనిమిదో మనిషి సమారా. అరేంజ్‌మెంట్లు బయటివాళ్లకి ఇవ్వకుండా ఈ పిల్లలే రాసుకున్నారు. ‘ఎ ఫూల్ ఇన్ లవ్’ అయితే ట్రాంబోన్ వాయించే ఆస్టిన్ సొంత రచన. సహనిర్మాత బ్రయన్ లించ్ కూడా ట్రంపెట్ మనిషే, డ్రమ్స్ వాయించే ఆర్ట్ బ్లేకీ నడిపిన ‘జాజ్ మెసెంజర్స్’ బృందంలో వాయించినవాడు. ఇంతమంది హార్న్ వాళ్లు కూర్చుని రాస్తే గొంతును అయిదో హార్న్‌గా చూడడంలో వింతేముంది?

అది చెవికి ఎందుకు అందదో చెప్తాను. నాలుగు హార్న్‌లు కలిసి ఒక కార్డ్ వాయిస్తుంటే చెవి పై స్వరాన్నే పాటగా తీసుకుంటుంది. ఆ పై స్వరం మామూలుగా ట్రంపెట్‌ది. ఆడవాళ్ల గొంతు, ఆల్టో సాక్సఫోన్ దాదాపు ఒకే స్థాయిలో పలుకుతాయి. గొంతును రెండో భాగానికో మూడో భాగానికో ఇచ్చి, పక్కన ఆల్టోని ఒక స్వరం ఎడంలో పెడితే రెండూ అతుక్కుపోతాయి. దానికి తోడు మాటల్లేకుండా పాడే చోట స, ట, క లాంటి హల్లులు ఉండవు. మనిషి గొంతుని వాద్యం నుంచి విడదీసి గుర్తుపట్టడానికి చెవి వాడుకునే ఆనవాళ్లే అవి. అవి తీసేస్తే మిగిలేది అచ్చు మాత్రమే, అచ్చు సాక్సఫోన్‌కి బాగా దగ్గర.

పాడేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇది సోలో పాట కన్నా కష్టం. హార్న్‌లు స్వరాన్ని సూటిగా పట్టి చివర్లో కొంచెం వైబ్రాటో (ఊపు) వేస్తాయి. గొంతు మొదటి నుంచీ ఊగిందంటే ఆ కార్డ్ మొత్తం బురదగా వినిపిస్తుంది. ఊపిరి సొంత ఇష్టం మీద తీసుకోకూడదు, అయిదుగురూ ఒకే చోట తీసుకోవాలి, అందుకే చార్ట్ (స్వరాలు రాసిన కాగితం) మీద కామా గుర్తులు పెట్టుకుంటారు. ఆపడం ఇంకా ముఖ్యం. ‘నాలుగో లెక్క మీద కోత’ అని రాసి ఉంటే మాట చివరి హల్లు సరిగ్గా నాలుగు మీద పడాలి. అర లెక్క ఆలస్యమైతే హార్న్‌లు ఆగిపోయాక ఒక ‘స్’ ఒంటరిగా వినిపించి పరువు తీస్తుంది.

రికార్డింగ్ న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో, వాన్ గెల్డర్ స్టూడియోలో. రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ 1959లో కట్టుకున్న చోటు, సాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ 1964 డిసెంబర్‌లో ‘ఎ లవ్ సుప్రీమ్’ రికార్డు చేసింది అక్కడే. అలాంటి గదిలో బృందమంతా కలిసి వాయించేటప్పుడు ఒకరి శబ్దం ఇంకొకరి మైకులోకి కారుతుంది. మన సినిమా పాటలో ట్రాక్ ముందే తయారై ఉంటుంది, గాయని బూత్‌లో ఒంటరిగా లైను లైనుగా పాడుతుంది, తప్పు పోయిన ముక్క మళ్లీ పాడి అతికిస్తారు. కలిసి వాయించిన టేక్‌లో ఆ వెసులుబాటు లేదు. గొంతు శ్రుతిని కంప్యూటర్‌లో సరిచేశారనుకోండి, ట్రంపెట్ మైకులోకి కారిన అసలు శ్రుతి అలాగే ఉండిపోతుంది, రెండూ కలిసి నీడలా వినిపిస్తాయి. కాబట్టి టేక్ మొత్తం బాగుండాలి, లేదా మొత్తం మళ్లీ చేయాలి.

వినే పద్ధతి: ఒకే పాటను మూడుసార్లు వినండి. మొదటిసారి బేస్ ఒక్కటే. రెండోసారి ట్రాంబోన్, కింద ఏం చేస్తోందో. మూడోసారికి గొంతును వెతకక్కర్లేదు, అదే దొరుకుతుంది. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వినకండి. చిన్న స్పీకర్లు 200 హెర్ట్జ్ కింద పెద్దగా పలకవు. బేస్, ట్రాంబోన్ సగం పోతాయి, సమారా కింది స్వరాలు కూడా పలచబడతాయి. ఆమె గొంతులో అసలు సొమ్మంతా ఆ కింది స్థాయిలోనే ఉంది. మామూలు వైరు హెడ్‌ఫోన్ చాలు. స్పాటిఫైలో వాల్యూమ్ స్థాయి ‘లౌడ్’ మీద ఉంటే ‘నార్మల్’కి మార్చండి. లౌడ్‌లో లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది) పనిచేసి హార్న్‌లు పైకి లేచే చోట ఆ ఎత్తును నొక్కేస్తుంది.

ముక్తాయింపు

మూడో ప్రశ్నకి, కర్ణాటక సంగీతం సంగతికి, జవాబు నేను చెప్తాను. కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లకి గొంతు, లయ, జ్ఞాపకం సిద్ధంగానే ఉంటాయి. తప్పేది వేరే చోట్ల.

‘యూ స్టెప్డ్ అవుట్ ఆఫ్ ఎ డ్రీమ్’ తీసుకుందాం, ఆల్బంలో మొదటి పాట, 1940 నాటిది. సమారా అరేంజ్‌మెంట్ మీద మొదలుపెట్టకండి, ముందు అసలు పాట నేర్చుకోండి. 32 బార్లు, బార్‌కి 4 లెక్కలు, మొత్తం 128. ఆది తాళంలో 16 ఆవర్తనాలు. ఎనిమిదేసి బార్ల ముక్కలు నాలుగు: మొదటిది, మూడోది ఒకే వరస, రెండు, నాలుగు వేరు. ఈ 32 బార్లు ఒక చుట్టు. పాట అయిపోయాక సోలోలు (ఒక్కో వాద్యకారుడు అప్పటికప్పుడు కల్పించి వాయించేవి) కూడా ఇదే చుట్టు మీద నడుస్తాయి, బార్లు పెరగవు, తరగవు. శ్రుతిపెట్టె గారికి లెక్క తప్పుతోంది అంటే బహుశా ఈ చుట్టు మనసులో నడవడం లేదు. వేళ్ల మీద ఆవర్తనాలు లెక్కపెట్టండి, నాలుగు ఆవర్తనాలకి ఒక వేలు. నాలుగు వేళ్లు అయితే మళ్లీ మొదటికి. అరేంజ్‌మెంట్‌లో ముందూ వెనకా అతికించిన ముక్కలుంటాయి, అసలు చుట్టు ఒంట్లో ఉంటే అవి అతుకులని తెలిసిపోతాయి.

ఇప్పుడు అసలు చిక్కు. తంబూరా పెట్టి ఈ పాట సాధన చేయకండి. మొదటి రెండు బార్లు షడ్జం మీద మేజర్ కార్డ్. మూడో బార్‌కి కార్డ్ మొత్తం అర స్వరం పైకి జరుగుతుంది, అంటే శుద్ధ రిషభమే కొత్త షడ్జం. ఆ కార్డులో స్వరాలు మన లెక్కలో శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, షడ్జం. పాత షడ్జం అక్కడ కాకలి నిషాదంగా మారిపోయింది చూడండి. తంబూరా షడ్జం అంతగా ఇబ్బంది పెట్టదు కానీ, పంచమం పక్కనే ఉన్న శుద్ధ ధైవతాన్ని కరుస్తుంది. చెవి పాత షడ్జాన్ని వదలకపోతే గొంతు తెలియకుండానే కిందికి లాగేస్తుంది. ఇది గ్రహభేదం లాంటిది అనుకుంటే కూడా తప్పే. గ్రహభేదంలో స్వరస్థానాలు అవే ఉండి ఆధారం మారుతుంది. ఇక్కడ ఆధారంతో పాటు స్వరస్థానాలూ మారతాయి.

మందు ఏమిటంటే, ఐరియల్ ప్రో లాంటి యాప్‌లో ఈ పాట కార్డులు పెట్టుకుని, మొదట ప్రతి కార్డు మూల స్వరం ఒక్కటే పాడండి. అంటే బేస్ పాడినట్టు. అది తడబడకుండా వచ్చాక మూల స్వరం బదులు దాని గాంధారం, ఆ తర్వాత నిషాదం. ఈ మూడు గీతలు వచ్చిన తర్వాతే పాట. ఆ యాప్‌లో కార్డులే ఉంటాయి, పాట వరస ఉండదు, అది లీడ్ షీట్ (పాట వరస, కార్డులు రాసిన కాగితం) నుంచో పాత రికార్డు నుంచో నేర్చుకోవాలి.

శ్రుతి ఎంచుకోవడం కూడా వేరు. మన దగ్గర మనిషికి ఒక శ్రుతి, అన్ని పాటలూ అందులోనే. ఇక్కడ పాటకో కీ. పాటలో అన్నిటికన్నా పై స్వరం, కింది స్వరం చూసుకుని రెండూ హాయిగా పలికేలా పెట్టుకోవాలి. అయిదు శ్రుతిలో పాడే ఆడవాళ్లకి మంద్ర పంచమం నుంచి తార గాంధారం వరకు ఉంటే జాజ్ పాటలకి ఆ వ్యాప్తి సరిపోతుంది. పుస్తకంలో ఉన్న కీలోనే పాడాలని పట్టుదల వద్దు, అది చాలాసార్లు హార్న్ వాళ్ల సౌకర్యం.

లయ. మెట్రోనోమ్ 60 మీద పెట్టి ఆ దెబ్బను 2, 4 లెక్కలుగా తీసుకోండి. పాట 120లో నడుస్తుంది. సమం మీద దెబ్బ వేయడం మనకి అలవాటు కాబట్టి, నాలుగైదు బార్లకే ఆ దెబ్బ 1, 3 మీదకి జారుకుంటుంది. జారినట్టు తెలిస్తే ఆపి మళ్లీ మొదలుపెట్టండి, సర్దుకుంటూ పోవద్దు. ముందు మాటలు రాగం లేకుండా పలకండి, తర్వాత పాడండి. స్వింగ్‌ని, అంటే జాజ్ నడకలోని ఆ ఊపుని, తిశ్రంలో ‘తకిట’ మొదటి రెండు అక్షరాలు కలిపినట్టు అని నేర్పుతారు. 120 దగ్గర అది పనిచేస్తుంది. వేగం పెరిగేకొద్దీ రెండు భాగాలు సమానానికి దగ్గరవుతాయి. 220లో కూడా తిశ్రం పట్టుకుని కూర్చుంటే గుర్రపు నడక అవుతుంది.

గమకం. కార్డ్ వెనక పియానో స్థిరంగా నిలబడి ఉంటే గాంధారం మీద కంపితం వేసేసరికి రెండూ రాసుకుంటాయి. నాలుగు లెక్కలు నిలిపే స్వరాన్ని మూడు లెక్కలు సూటిగా పట్టి, నాలుగో లెక్కలో మాత్రమే కదపండి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి, పాడుతున్నప్పుడు అది తెలియదు. సమారా స్వరాల మధ్య జారదని కాదు. ఎక్కడ జారాలో ఎంచుకుంటుంది, మిగతా చోట సూటిగా దిగుతుంది.

ఇంకొకటి, మనకే ప్రత్యేకమైన ఇబ్బంది. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందుకని ‘డ్రీమ్’ అనేది ‘డ్రీము’ అవుతుంది. ఆ ఉకారం ఒక అదనపు స్వరం తింటుంది, తర్వాతి మాట ఆలస్యమవుతుంది. ‘మ్’ మీద పెదవులు మూసి స్వరాన్ని ముక్కులో నిలపండి. ట, డ లను మూర్ధన్యంగా గట్టిగా కొట్టకుండా నాలుక పళ్ల వెనక గట్టుకి ఆనిస్తే చాలు.

శ్రుతిపెట్టె

మూల స్వరాలు మాత్రం పాడే సలహా వెంటనే పనికొచ్చేలా ఉంది, థాంక్స్ అండీ. ‘రీఇన్‌కార్నేషన్ ఆఫ్ ఎ లవ్‌బర్డ్’ మొదట్లో ఏ వాద్యమూ లేకుండా పాడుతుంది కదా. తంబూరా కూడా లేకుండా శ్రుతి ఎలా నిలుపుకుంటారు?

ముక్తాయింపు

అందులో స్వరాలు పెద్దపెద్ద అంగల్లో దూకుతాయి, ఆధారం మారుతూ ఉంటుంది, అందుకే అంత భయపెడుతుంది. ఒంటరిగా పాడే ముక్కలో పదో పదిహేనో సెంట్ల (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) తేడా ప్రతి అంగలోనూ పోగవుతుంది. ఆఖరికి బృందం వచ్చేసరికి పావు స్వరం కిందికి దిగి ఉంటారు. పియానో సర్దుకోలేదు కాబట్టి ఆ క్షణంలో అందరికీ తెలిసిపోతుంది.

సాధనలో చేయాల్సింది: ఆ ముక్కలో మూడు నాలుగు లంగరు స్వరాలు ఎంచుకోండి, మధ్యమధ్య తిరిగొచ్చే స్వరాలైతే మంచిది. అక్కడిదాకా పాడి ఆగి కీబోర్డ్ మీద ఆ మెట్టు నొక్కండి. ట్యూనర్ యాప్ పెట్టుకుంటే ఎటు పోతున్నారో కూడా తెలుస్తుంది. ఎక్కువమంది దిగుతున్న వరసలో కిందికి జారతారు, పెద్ద అంగ వేసేటప్పుడు అందుకోలేక ఆగిపోతారు. మొత్తం ముక్క పాడి చివర్లో మాత్రం చూసుకుంటే ఏ అంగలో పోయిందో దొరకదు.

లైనర్ నోట్స్

మాటల సంగతి మిగిలిపోయింది. ముందొక తేడా చెప్పాలి, ఎందుకంటే అన్నిటినీ ‘వోకలీజ్’ అనేస్తున్నారు. వోకలీజ్ అంటే ఎవరో వాయించిన సోలోకి, అంటే రికార్డులో అప్పటికప్పుడు పుట్టిన స్వరాలకి, స్వరానికో అక్షరం చొప్పున మాటలు కట్టడం. ఎడీ జెఫర్సన్, కింగ్ ప్లెజర్, జాన్ హెండ్రిక్స్ దారి అది. ‘లింగర్ అవైల్’లో ఫ్యాట్స్ నవారో ట్రంపెట్ సోలోకి సమారా రాసిన ‘నొస్టాల్జియా’ అచ్చమైన వోకలీజ్. ‘పోర్ట్రెయిట్’లో జాజ్ స్వరకర్త చార్లెస్ మింగస్ ‘లవ్‌బర్డ్’కి, బారీ హారిస్ ‘నౌ అండ్ దెన్’కి రాసినవి అలా కాదు. అవి స్వరకర్త కూర్చిన వాద్య రచనలు, వాటికి సాహిత్యం చేర్చింది. మింగస్ ఆ రచన సాక్సఫోన్ వాయించే చార్లీ పార్కర్‌ని తలుచుకుని చేశాడు, పార్కర్ ముద్దుపేరు ‘బర్డ్’. బారీ హారిస్ డెట్రాయిట్ పియానో మనిషి, న్యూయార్క్‌లో దశాబ్దాల పాటు క్లాసులు నడిపాడు, 2021 డిసెంబర్‌లో పోయాడు. సమారా ఆయన దగ్గర నేర్చుకుంది, గ్రాసో కూడా ఆయన శిష్యుడే. అందుకే ఆ పాట పేరు పక్కన ‘జ్ఞాపకార్థం’ అన్న మాట ఉంది. మింగస్ పాటతో పోలిస్తే దీని గురించి తక్కువమంది మాట్లాడుతున్నారు, నా లెక్కలో ఆల్బంలో మంచి సాహిత్యం ఇదే.

మనకి స్వరసాహిత్యం తెలుసు కాబట్టి పని అర్థం చేసుకోవడం సులువు. స్వరాల లెక్క ముందే ఖరారు, అక్షరాలు దానికి లొంగాలి. చేసే తీరు ఇది. సోలోని రెండేసి బార్ల ముక్కలు చేసి, వేగం సగానికి తగ్గించి, ‘ద’ లేదా ‘లా’ మీద పాడండి. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో గుర్తుపెట్టుకోండి, ట్రంపెట్ మనిషి ఊపిరే మీ వాక్యం చివర. తర్వాత ప్రతి ముక్కకి స్వరాల లెక్క రాయండి, నొక్కి వాయించిన స్వరం కింద గీత పెట్టండి. మాటలో సహజంగా నొక్కు పడే అక్షరం ఆ గీత మీదే రావాలి. ఇది తప్పితే మాట ఎంత బాగున్నా పరాయి యాసలా వినిపిస్తుంది. పొడుగు స్వరాలకి, పై స్వరాలకి ఆ, ఓ లాంటి తెరుచుకునే అచ్చులు. పై స్థాయిలో ఈ, ఊ పెడితే గొంతు బిగుస్తుంది. వేగంగా పోయే చోట ద, ల, బ, న లాంటి తేలిక హల్లులు. ‘స్ట్ర’ లాంటి సంయుక్తాక్షరాలు అక్కడ పెట్టారో, సమయం అవే తినేస్తాయి.

అందరూ చేసే తప్పు ఇంకోటి ఉంది: ప్రతి స్వరానికీ మాట పెట్టేయడం. సోలోల్లో సగం స్వరాలు దారిలో తగిలేవి, వాటి మీద అర్థం మోసే మాట పెడితే వినేవాళ్లకి అందదు. ముఖ్యమైన మాటని వరస చివర నిలిచే స్వరం మీద పెట్టి, దారి స్వరాలకి చిన్నచిన్న పదాలు వదిలేయాలి.

అనుమతి గురించి. అమెరికాలో ఒకసారి విడుదలైన పాటను ఉన్నది ఉన్నట్టు మళ్లీ రికార్డు చేసుకోవడానికి తప్పనిసరి లైసెన్స్ ఉంది. నిర్ణయించిన రాయల్టీ కడితే స్వరకర్త ఆపలేడు. మీ శైలికి తగ్గ అరేంజ్‌మెంట్ చేసుకునే వీలు కూడా అందులోనే ఉంది, మూల వరసని, స్వభావాన్ని మార్చనంతవరకు. వాద్య రచనకి కొత్త మాటలు చేర్చడం ఆ లైసెన్స్‌లోకి రాదు. అది మూల రచన మీద పుట్టిన కొత్త రచన అవుతుంది, హక్కుదారులు ఒప్పుకుంటేనే కుదురుతుంది. మాటలు రాసినవాళ్లకి వాటా ఎంత, అసలు ఇస్తారా అన్నది కూడా వాళ్లతో తేల్చుకోవాల్సిందే. కాబట్టి రికార్డింగ్‌కి డబ్బు కట్టకముందే ఉత్తరం రాయాలి. ఆల్బం పూర్తయ్యాక అడిగితే, ఒప్పుకోకపోతే ఆ పాట తీసేయడం తప్ప దారి లేదు. యూట్యూబ్‌లో పెట్టేవాళ్లకి మరొక మెలిక: ఎక్కడో దొరికిన కరోకే ట్రాక్ మీద పాడితే పాట హక్కు వేరు, ఆ ట్రాక్ రికార్డింగ్ హక్కు వేరు. కాపీరైట్ క్లెయిమ్ రెండిట్లో ఏదానికైనా రావచ్చు.

రికార్డు అట్ట

లైనర్ నోట్స్ గారు హెండ్రిక్స్ పేరెత్తారు కాబట్టి ఒక ముక్క. ఆల్బంలో ఉన్న ‘నో మోర్ బ్లూస్’ బ్రెజిల్ స్వరకర్త జోబిమ్ పాట, దాని ఇంగ్లీషు మాటల్లో హెండ్రిక్స్ చెయ్యి ఉంది. కొత్తవాళ్లకి ఆల్బంలోకి దిగడానికి అనువైన గుమ్మం అది, వరస తెలిసిన పాట కాబట్టి. ‘పీస్ ఆఫ్ మైండ్’ని చివరికి ఉంచుకోండి. అది జాజ్ స్వరకర్త సన్ రా పాత పాటతో జోడించిన రచన, రెండు వేర్వేరు లోకాలు.

శ్రుతిపెట్టె

మరి ‘లింగర్ అవైల్’ మళ్లీ వినాలా, నేరుగా ఇందులోకే దిగాలా?

వాల్వ్ ఆయిల్

మొదటి ఆల్బం నుంచి వరసగా రమ్మనేవాళ్లుంటారు, నేను ఒప్పుకోను. వరసగా వింటే గొంతు ముందుండడం మళ్లీ అలవాటైపోయి ఇక్కడికొచ్చేసరికి అదే ఇబ్బంది. ముందు ‘పోర్ట్రెయిట్’లో ‘ఆటమ్ నాక్టర్న్’ వినండి. నిదానపు పాట, హార్న్‌లు ఎప్పుడు వస్తున్నాయో, ఎప్పుడు గొంతుకి చోటు వదులుతున్నాయో విడివిడిగా తెలుస్తుంది. అది పట్టుబడ్డాక మొదటి పాటకి వెళ్లండి.

ముక్తాయింపు

న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకి ఒక సమాచారం. సమారా గెలిచిన సారా వాన్ పోటీ ఫైనల్ జరిగేది న్యూఅర్క్‌లో, న్యూజెర్సీ పర్ఫార్మింగ్ ఆర్ట్స్ సెంటర్‌లో. ఫైనల్‌కి వచ్చినవాళ్లు ఒకే స్టేజీ మీద, ఒకే బృందంతో పాడతారు. కీ, వేగం, ముగింపు అప్పటికి పరిచయం లేని వాద్యకారులకి ఒక్క కాగితంతో ఎలా చెప్తారో చూడ్డానికి దాన్ని మించిన చోటు లేదు. పాడాలనుకునేవాళ్లు ఆ కాగితం రాయడం కూడా సాధనలో చేర్చుకోండి: పైన కీ, వేగం, లయ పేరు, కింద ముందు ఎన్ని బార్లు వాయించాలి, ఎన్ని చుట్లు పాట, ఎవరి సోలో, ఎక్కడ తిరిగి వస్తారు, ఆఖరి నాలుగు బార్లు మూడుసార్లా ఒకసారేనా. ఈ చివరిది రాయకపోతే బేస్ ఆగిపోయి డ్రమ్స్ సాగుతూ ఉంటాయి.